వెనక వరసలోని ప్రార్థన

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల వేళ వస్తుంది. ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడతారు. అబ్బాయికి వీసా వచ్చిందని ఒకరు, ఆపరేషన్ అక్కర్లేకుండానే కడుపులో గడ్డ కరిగిందని ఒకరు, పెళ్లయిన ఏడేళ్లకు కోడలు నెల తప్పిందని మరొకరు చెబుతారు. ప్రతి మాటకూ సంఘమంతా ‘స్తోత్రం’ అంటుంది. వెనక వరసలో గోడవారగా కూర్చున్న ఇల్లాలు కూడా అంటుంది. ఆమె మాత్రం లేవదు. లేచి చెప్పడానికి ఆమె దగ్గర సాక్ష్యం లేదు.

ఆమె ప్రార్థించకపోలేదు. భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంది. పాస్టరుగారు ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. ఊళ్లో ఉన్న చుట్టాలందరూ రాత్రంతా మెలకువగా ఉండి ప్రార్థన చేసిన రోజులున్నాయి. అయినా ఆయన దక్కలేదు.

సమాధుల తోట నుంచి ఇంటికొచ్చాక నలుగురూ నాలుగు మాటలన్నారు. ‘దేవుడు ఆయన్ని ప్రేమించి తీసుకెళ్లాడమ్మా’ అన్నారొకరు. ‘ఏది జరిగినా మన మేలుకే’ అన్నారింకొకరు. వరసకు ఆడపడుచయ్యే ఆవిడ మాత్రం పక్కకు పిలిచి, ‘ఎక్కడో విశ్వాసం తగ్గి ఉంటుంది వదినా, ఒకసారి పరీక్షించుకో’ అంది. మిగతా మాటలు చెవిన పడి పోయాయి. ఆ ఒక్కమాట పోలేదు. భర్త పోయిన దుఃఖం ఒకవైపు, తన విశ్వాసం చాలకే పోయాడేమోనన్న అనుమానం ఒకవైపు. రాత్రిపూట ఆమెకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండోదే.

ఇలాంటివారు ఆ సంఘంలో ఒక్కరే లేరు. ఏ చర్చిలో చూసినా వెనక వరస ఒకటుంటుంది. పెళ్లి కుదరని అమ్మాయి తండ్రి, తాగుడు మానని కొడుకు తల్లి, ఉద్యోగం పోయి నెలల తరబడి తిరుగుతున్నవాడు అక్కడ కూర్చుంటారు. వాళ్ల ప్రశ్న ఒక్కటే. ‘దేవుడు విన్నాడా? వింటే మరి ఎందుకు ఇవ్వలేదు?’

అడగడం తప్పు కాదు

ఈ ప్రశ్న అడగడమే అవిశ్వాసమని కొందరు భయపడతారు. బైబిలు తెరిస్తే ఆ భయం పోవాలి. కీర్తనల గ్రంథంలో నూటయాభై కీర్తనలున్నాయి. అందులో స్తుతి పాటలెన్ని ఉన్నాయో, కన్నీటి మొరలు కూడా అంత దండిగా ఉన్నాయి. పదమూడో కీర్తనలో దావీదు మొదటి రెండు వచనాల్లోనే ‘ఇంకా ఎన్నాళ్లు’ అని నాలుగుసార్లు నిలదీస్తాడు. ఎనభై ఎనిమిదో కీర్తనైతే మొర పెట్టడంతో మొదలై చీకటి మాటతోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు లేదు, జవాబు లేదు. అయినా దాన్ని ఎవరూ తీసి పారెయ్యలేదు. ప్రార్థనల పుస్తకంలోనే ఉంచారు. హబక్కూకు ప్రవక్త తన గ్రంథాన్ని ఫిర్యాదుతోనే ఆరంభించాడు. ఎంత అరిచినా వినవేమని దేవుణ్ణే అడిగాడు.

ఇక విశ్వాసం తక్కువైతేనే ప్రార్థన ఫలించదన్న మాట. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఏం చేశాడు? ఆ శ్రమల పాత్ర తన దగ్గర్నుంచి తొలగిపోవాలని తండ్రిని వేడుకున్నాడు. మూడుసార్లు వెళ్లి అదే ప్రార్థన చేశాడని మత్తయి సువార్త చెబుతుంది. పాత్ర తొలగలేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ఉన్న ముల్లును తీసెయ్యమని మూడుసార్లు బతిమాలుకున్నాడు. ఆ ముల్లేమిటో ఆయన చెప్పలేదు. అది పోలేదని మాత్రం చెప్పాడు. దాన్ని మోయడానికి చాలినంత కృప మాత్రం దొరికింది. ఆ ఇద్దరికీ విశ్వాసం తక్కువని ఏ విశ్వాసి అనగలడు? వాళ్ల విషయంలో అనలేని మాటను, భర్తను పోగొట్టుకున్న ఇల్లాలితో అనడం ఏం న్యాయం?

కొండ మీద ఐదుగురు

జవాబు కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. ఒంగోలులో ఒక చిన్న కొండ ఉంది. ప్రార్థన కొండ అంటారు. దాని వెనక నలభై ఏళ్ల కథ ఉంది.

అమెరికా బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే దంపతులు 1836లో తెలుగునాట అడుగుపెట్టారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. భాష నేర్చుకున్నారు, బడి పెట్టారు, ఊరూరూ తిరిగి చెప్పారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవతల బర్మాలో అదే మిషను పని జోరుగా సాగుతోంది. ఇక్కడ ఖర్చే తప్ప ఫలం లేదని, తెలుగు మిషనును మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలోనూ ఆ మాట వచ్చింది. పటంలో బర్మా మీద గుంపుగా చుక్కలున్నాయి. తెలుగు దేశం మీద నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క ఉంది. ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు అలా వచ్చింది. శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ చుక్క మీద ఒక గీతం రాశాడు. సభ మనసు మార్చుకుంది. మిషను నిలిచింది.

మర్నాటి సంవత్సరం, 1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. ఒంగోలు కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, వాళ్ల వెంట ముగ్గురు తెలుగు క్రైస్తవులు. మోకాళ్లూని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. సూర్యోదయం చూసి కొండ దిగారు.

ఆ తర్వాత ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఆ ఏడు ఎవరూ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఆరోగ్యం చెడి జ్యూయెట్ స్వదేశానికి వెళ్లాల్సి వచ్చింది. 1862లో మిషను మూసివేత మాట మళ్లీ లేచింది. ఎవరూ పంపకపోయినా ఒంటరిగానైనా తిరిగి వెళ్తానని ఆయన పట్టుబట్టాడు. చివరికి జాన్ క్లౌ అనే యువకుణ్ణి ఆయన వెంట పంపారు. క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే కొండ మీద ప్రార్థన జరిగిన పన్నెండేళ్లకు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడితే అందులో ఉన్నది ఎనిమిది మందే.

ఆ పన్నెండేళ్లలో కొండ దిగినవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఒంగోలుకు పడమరగా తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. చాలా ఏళ్లుగా గురువుల దగ్గర యోగం నేర్చుకుంటూ దేవుణ్ణి వెతుకుతున్నాడు. 1866లో ఆయనే నడిచి ఒంగోలు వచ్చి, భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇచ్చింది జ్యూయెటే. ఆ తర్వాత పల్లెపల్లెకూ సువార్త మోసినవాడు పేరయ్య.

మిషనరీల ఆశ మొదట్లో పైకులాల మీద ఉండేది. వాళ్లు వస్తే మిగతావాళ్లు వెంట వస్తారనుకున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పైకులాలవారు ఖండితంగా చెప్పారు. క్లౌ దంపతులు ఆలోచించి, ప్రార్థించి, వచ్చినవాళ్లను కాదనేది లేదని తేల్చుకున్నారు. వాళ్లు ఒక గుమ్మం వైపు చూస్తుంటే జవాబు ఇంకో గుమ్మం నుంచి వచ్చింది. ఊరి వైపు చూస్తుంటే వాడ నుంచి వచ్చింది.

అదే ఏటి కరువు

1876లో ధాత కరువు విరుచుకుపడింది. మూడేళ్లు దక్షిణాదిని పీల్చి పిప్పి చేసింది. క్లౌకు సర్వే పని, కట్టుబడి లెక్కలు తెలుసు. సర్కారు నుంచి బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది, గంజి దొరికింది. పొద్దంతా తవ్వి సాయంత్రం కట్ట మీద కూర్చున్న కూలీల మధ్యకు బోధకులు వెళ్లి క్రీస్తు గురించి చెప్పేవారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడగసాగారు. క్లౌ నెలల తరబడి ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం పంచడం ఆగాకే ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఆరు వారాల్లో లెక్క ఎనిమిది వేలు దాటింది.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆపి, ‘చూశారా, దేవుడు ఆలస్యంగానైనా జవాబిస్తాడు’ అంటారు. వెనక వరసలోని ఇల్లాలు మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నను దాటవెయ్యకూడదు.

కొండ మీది ప్రార్థనకు జవాబు వచ్చిన కాలమే, వాన కోసం చేసిన ప్రార్థనలకు జవాబు రాని కాలం. ఆ కరువులో అరకోటికి పైగా జనం చనిపోయారని అంచనా. గుళ్లో, మసీదులో, చర్చిలో, ఎండిన చేను గట్టున నిలబడి వాళ్లు ఎన్ని మొక్కుకున్నారో! కాలువ గట్టున గంజికి చేరేలోపే దారిలో పడిపోయినవాళ్లున్నారు. సంఘాన్ని పెంచడానికే దేవుడు కరువు పంపాడని ఎవరైనా అంటే, ఆ మాట బిడ్డ శవాన్ని ఒళ్లో పెట్టుకున్న తల్లి ఎదుట నిలబడి అనగలగాలి. అనలేరు. కాబట్టి ఆ మాట నిజం కాదు.

ఇంకో సంగతి. ఈ పని మొదలుపెట్టిన శామ్యూల్ డే ఆరోగ్యం పాడై 1853లోనే ఇండియా విడిచి వెళ్లాడు. 1871లో అమెరికాలో కన్నుమూశాడు. గుండ్లకమ్మ ఒడ్డున జరిగింది ఆయన చూడలేదు. పద్దెనిమిదేళ్లు, అంటే జీవితంలో ఆఖరి భాగమంతా, తాను నాటింది మొలకెత్తిందో లేదో దూరం నుంచి వినడమే ఆయనకు మిగిలింది. హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయం విశ్వాసవీరుల పట్టిక. అందులోనివారు వాగ్దానం చేసినది చేతికందకుండానే, దూరం నుంచి చూసి వందనం చేసి చనిపోయారని ఆ పత్రిక చెబుతుంది. వాళ్లను ఓడిపోయినవాళ్లని అనలేదు. విశ్వాసులని అంది.

నమ్మకమంటే

అయితే ఒంగోలు కొండ నేర్పేది ఏమిటి? పన్నెండేళ్లాగితే అడిగింది వస్తుందనే లెక్క కాదది. అలా లెక్క వేస్తే వెనక వరసలోని వాళ్లకు ఏమీ మిగలదు. పోయిన మనిషి పన్నెండేళ్లకైనా రాడు.

కొండ దిగినవాళ్లు జవాబు వచ్చేదాకా ఏం చేశారో చూడాలి. జ్యూయెట్ నెల్లూరు తిరిగి వెళ్లి పాత పనే చేశాడు. భాష మీద కూర్చున్నాడు, బోధ ఆపలేదు. కరువు వచ్చినప్పుడు క్లౌ మోకాళ్ల మీదే ఉండిపోలేదు, గునపాలూ తట్టలూ తెప్పించాడు. దేవుడు విన్నాడో లేదో తెలియని రోజుల్లో కూడా వాళ్లు దేవుడితో మాట మానలేదు, మనుషుల పని మానలేదు. విశ్వాసం అనే మాటకు అంతకు మించిన అర్థం వెతకనక్కర్లేదు. అడిగింది దొరికితీరుతుందన్న ధీమా వేరు, దొరక్కపోయినా అడిగిన చోటును విడవకపోవడం వేరు. మొదటిది చాలామందికి ఉంటుంది. రెండోది దెబ్బ తిన్నవాళ్లకే తెలుస్తుంది.

‘బిడ్డ కత్తి అడిగితే తల్లి ఇస్తుందా?’ అని ప్రసంగాల్లో చెబుతుంటారు. చిన్న కోరికలకు ఆ పోలిక సరిపోతుంది. కానీ భర్త ప్రాణం అడగడం కత్తి అడగడం కాదు. మంచిదే అడిగారు. ప్రేమతోనే అడిగారు. దొరకలేదు. ఎందుకో తెలియదు. తెలియదని ఒప్పుకోవడం వల్ల దేవుడికి వచ్చే నష్టమేమీ లేదు. తెలిసినట్టు మాట్లాడటం వల్లే దుఃఖంలో ఉన్న మనిషికి నష్టం.

మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు లోకం విస్తుపోయింది. కలకత్తా వీధుల్లో అన్నేళ్లు సేవ చేసిన ఆమెకు లోపల దేవుడి సన్నిధి తెలియని చీకటి ఉండేదట. అదీ ఒక నెలో ఏడాదో కాదు, దాదాపు యాభై ఏళ్లు. ఆమె నవ్వు చూసినవాళ్లెవరూ ఊహించలేదు. ఆ యాభై ఏళ్లూ ఆమె తెల్లవారుజామున లేచి ప్రార్థనకు వెళ్లింది. ఆ తర్వాత రోగుల దగ్గరికి వెళ్లింది. కొందరు ఆ ఉత్తరాలు చూసి ఆమె విశ్వాసాన్ని శంకించారు. ఏ అనుభూతీ లేకుండా రోజూ వెళ్లగలగడం కంటే పెద్ద విశ్వాసం ఏముంటుందని మరికొందరు అడిగారు. కాథలిక్ సంఘం 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

పక్కన కూర్చోవడం

బేతనియలో మార్త, మరియ అనే అక్కచెల్లెళ్లు తమ్ముడు లాజరు జబ్బుగా ఉన్నాడని యేసుకు కబురు పంపారు. ఆయన వెంటనే రాలేదు. వచ్చేసరికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. నువ్వు ఇక్కడ ఉంటే తమ్ముడు చనిపోయేవాడు కాడని అక్క అడిగింది. కాసేపటికి చెల్లెలూ అదే అడిగింది. ఆ ఇంట్లో నాలుగు రోజులుగా అదే మాట నలిగి ఉండాలి. ఆయన వాళ్లను గద్దించలేదు. విశ్వాసం పరీక్షించుకోమనలేదు. మరియ ఏడుస్తుంటే చూసి తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. లాజరును లేపడం ఆ తర్వాత. ఆ లాజరు కూడా ఎప్పుడో ఒకనాడు మళ్లీ కన్నుమూసే ఉంటాడు. అప్పుడు ఆ అక్కచెల్లెళ్లకు మిగిలేది అద్భుతం కంటే ముందు జరిగిన సంగతే. ఆయన తమతోపాటు ఏడ్చాడన్న సంగతి.

యోబు కథలో స్నేహితులకు చెడ్డపేరుంది. తప్పు చేసే ఉంటావని అతణ్ణి సాధించారు. అయితే వాళ్లు మొదట చేసిన మంచిపని ఒకటుంది. ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్కమాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడింది.

సంఘాలకు ఇదొక పాఠం. సాక్ష్యాల వేళ ఉండాల్సిందే. మేలు పొందినవాళ్లు సంతోషంగా చెప్పుకోవాలి. దాని పక్కనే, ఇంకా జవాబు రానివాళ్లకు కూడా చోటుండాలి. ‘నాకింకా అర్థం కాలేదు, అయినా వచ్చాను’ అని ఒకరు లేచి చెబితే, దానికీ సంఘం స్తోత్రం చెప్పగలగాలి. కీర్తనల్లో ఎనభై ఎనిమిదో కీర్తనకు చోటు దొరికినప్పుడు, ఆరాధనలో అలాంటి మనిషికి చోటు దొరక్కపోవడమేమిటి?

మందుల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ప్రార్థిస్తున్నాం కదా అని డయాలసిస్ మానెయ్యమనో, మాత్రలు ఆపమనో చెప్పేవాళ్లు ఉంటారు. కరువులో క్లౌ ప్రార్థన చేశాడు, కాలువా తవ్వించాడు. ఒకటి చేస్తే ఇంకోటి అక్కర్లేదనుకోలేదు. వైద్యం చేయించడం విశ్వాసం తగ్గడం కాదు. వైద్యం చేయించినా మనిషి దక్కకపోతే, అది ఇంట్లోవాళ్ల విశ్వాసం తగ్గడమూ కాదు.

కిందటి ఆదివారం కూడా ఆ ఇల్లాలు చర్చికి వచ్చింది. పాటల పుస్తకం తెరిచింది గానీ గొంతు కలపలేదు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే మాట రాలేదు. ఆయన ఆసుపత్రికి తీసుకెళ్లే సంచి గుర్తొచ్చింది. అందులోని తువ్వాలు, ప్లాస్కు గుర్తొచ్చాయి. ‘ఎందుకు ప్రభువా?’ అని మాత్రం అనుకుంది. అంతే.

ఆమె అది ప్రార్థన కాదనుకుంది. దావీదు రాసిన పదమూడో కీర్తనలో మొదటి సగం అదే. ఎవరూ వినడం లేదనుకుంటే ఆ ప్రశ్న ఎవరినీ అడగదు. ప్రతి ఆదివారం చీర మార్చుకుని, రెండు బస్సులు మారి, వచ్చి వెనక వరసలో కూర్చోదు.

ఈసారి సాక్ష్యాల వేళ పక్క వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ముందుకు వెళ్లలేదు. వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం పట్టుకుంది. ఆరాధన అయ్యేదాకా వదల్లేదు.